వృద్ధాప్యసమస్య యెవరిది?

మన యిండ్లలో పెద్దలు దీవించు తీరును గమనింపుడు. పురుషుడు పాదములకు మ్రొక్కినచో "నూరేండ్లు వర్ధిల్లుము, నాయనా" అందురు. స్త్రీ మ్రొక్కినచో "దీర్ఘసుమంగళీ భవ" అందురు. మొదటి దీవెనలో కోరిన ఆయువు మ్రొక్కినవానిదే. రెండవదానిలో మ్రొక్కినది యొకరు, కోరిన ఆయువు మరియొకరిది. ఆమె యెన్నేండ్లు బ్రతుకవలెనో ఎవరును చెప్పలేదు. భర్త యున్నంతవరకు ఉన్న చాలును. ఆపైన మిగిలిన యేండ్లు ఎవరికిని పట్టనివి. ఎవరికిని పట్టని ఆ యేండ్లే నేడు మన దేశమున వృద్ధాప్యసమస్య యనబడుదానికి మూలమని ఈ వ్యాసమున వాదింపదలచితిని.

కొంతకాలముగా పత్రికలలోను సభలలోను ఒక ఆక్రందనము వినవచ్చుచున్నది. ముసలివారి సంఖ్య పెరిగిపోవుచున్నదట. పిల్లల సంఖ్య తరిగిపోవుచున్నదట. ఇక కొన్నాళ్లకు పనిచేయు చేతులు చాలక దేశము దిగజారునట. దీనికి రెండు మందులు చెప్పుచున్నారు. స్త్రీలు ఇంకను ఎక్కువమందిని కనవలెననునది మొదటిది. పూర్వపు సమష్టికుటుంబము మరల రావలెననునది రెండవది. మొదటిది పాలకుల నోట వినబడుచున్నది. రెండవది అరుగులమీది పెద్దల నోట వినబడుచున్నది. వైద్యులు వేరైనను రోగి చేత మందు మ్రింగించు తీరు ఒక్కటియే. రెండు మందులును మ్రింగవలసినది ఆడుదియే. కనవలసినది ఆమె; మంచము పట్టిన అత్తమామలకు సేవ చేయవలసినది ఆమె; తుదకు తాను ముసలిదై, భర్త పోయి, చేతిలో చిల్లిగవ్వ లేక కొడుకు గుమ్మమున కూర్చుండవలసినదియు ఆమెయే.

ఈ రెండు మందులును పనికిరావని చూపుటకు ముందు, ఈ ముసలితనము మనకెట్లు ప్రాప్తించినదో తెలిసికొనుట మంచిది. పూర్వులందరు నూరేండ్లు బ్రతికిరనియు, ఈ కాలపు తిండివలన మనము అల్పాయుష్కులమైతిమనియు చెప్పువారు ప్రతి యూరను ఉన్నారు. లెక్కలు వారి మాటను ఒప్పుకొనుట లేదు. 1911 మొదలు 1921 వరకు గల పదేండ్లలో ఈ దేశమున పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయము సుమారు 20 సంవత్సరములు. ఆ దశాబ్దమున, 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరమొక్కటియే కోటిమందికి పైగా పొట్టబెట్టుకొన్నది. 1941-51 నాటికి సగటు ఆయుర్దాయము 32 ఏండ్లైనది. 2016-20 నాటి లెక్కలలో అది 70 ఏండ్లు. అందులో పురుషునకు 68.6, స్త్రీకి 71.4.

సగటు ఇరువది యనగా అందరును ఇరువదియవ యేట చనిపోయిరని కాదు. ఆ కాలమున వేయిమంది శిశువులు పుట్టినచో ఇన్నూరుమందికి పైగా మొదటి పుట్టినరోజు చూడకయే పోయెడివారు. మిగిలినవారిలో మశూచి కొందరిని, కలరా కొందరిని, మలేరియా కొందరిని, పురిటిమంచము కొందరిని తీసికొనిపోయెడిది. ఈ గండములన్నియు దాటి ఎనుబది చూచినవారు ఆనాడును కొందరుండిరి. మన జ్ఞాపకమున నిలిచినవారు వారే. "మా ముత్తాత తొంబదియేండ్లు బ్రతికెను" అను మాట అబద్ధము కాకపోవచ్చును. కాని ఆ ముత్తాత తోబుట్టువులు ఎందరు ఉయ్యాలలోనే పోయిరో, ఆయన మొదటి భార్య ఏ కాన్పున పోయెనో కూడ చెప్పినగాని లెక్క పూర్తికాదు.

ఈ మార్పు దానంతట వచ్చినది కాదు. 1897లో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడపిన పరిశోధనశాలనుండి 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడినది. 1971లో బంగాళమునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున దిలీప్ మహలనబిస్, సెలైను చాలనపుడు, ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని కలరా రోగులచేత త్రాగించి వేలమందిని బ్రతికించెను. 1975లో మన దేశమునుండి మశూచి తొలగిపోయినది. 2023 నాటికి శిశుమరణములు వేయింటికి 25కు దిగినవి. కుళాయినీరు, టీకా, కాన్పు చేయు నర్సు, అక్షరము నేర్చిన తల్లి, ఇట్టివన్నియు కలిసి మనకు ముందుతరములు ఎరుగని యాయువును ఇచ్చినవి. నేడు అరువదియేండ్లు నిండిన వ్యక్తికి సగటున ఇంకను 18 ఏండ్ల జీవితమున్నది. ఇంత శ్రమతో సంపాదించినదానిని భారమని పిలుచువారు, బిడ్డకు పండ్లు వచ్చినవని యేడ్చినవారివంటివారు.

ఇక ముసలివారి లెక్క. 2011 జనాభా లెక్కలలో అరువదియేండ్లు నిండినవారు 10.38 కోట్లు. 2021 నాటికి వారు 13.8 కోట్లయియుందురని కేంద్రప్రభుత్వపు గణాంక కార్యాలయము అంచనా వేసినది. వారిలో పురుషులు 6.7 కోట్లు, స్త్రీలు 7.1 కోట్లు. 2031 నాటికి మొత్తము 19.4 కోట్లగుదురని దాని అంచనా. 2021లో దేశమంతట నూటికి పదిమంది వృద్ధులైనచో ఆంధ్రప్రదేశ్‌లో పండ్రెండుగురికి పైగా నుందురని లెక్కగట్టిరి. కేరళ, తమిళనాడు మనకంటె ముందున్నవి. ఆయువు పెరుగుట దీనికి ఒక కారణము. కాన్పులు తగ్గుట రెండవ కారణము. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌న ఒక స్త్రీకి సగటున 2.6 కాన్పులు, 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌న 1.7, తెలంగాణమున 1.8.

కాన్పులు తగ్గినది యెట్లు? ఈ ప్రశ్నను ఆక్రందించువారు వేయరు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల లోపు వివాహితలలో నూటికి సుమారు డెబ్బదిమంది కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారు. పురుషుల ఆపరేషనులు నూటికి ఒకటియైన లేవు. పురుషుని ఆపరేషను తేలికయైనది, అపాయము తక్కువైనది అని ప్రతి వైద్యునికి తెలియును. అయినను కత్తి స్త్రీ కడుపుమీదికే వచ్చినది. దేశమునకు జనము ఎక్కువైనదన్ననాడు ఆమె కోయించుకొన్నది. నేడు జనము తక్కువగుచున్నదని, ఆమె కూతురిని కనుమనుచున్నారు. జనము పెరిగినను తరిగినను వెల చెల్లించువారు మారలేదు.

1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, ఇద్దరికంటె ఎక్కువమంది బిడ్డలు కలవారు స్థానికసంస్థల ఎన్నికలలో నిలువరాదని విధించినది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు, రాష్ట్రము ముసలిదగుచున్నది గావున ఎక్కువమందిని కనవలెనని ప్రజలకు చెప్పిరి. ఆ యేడు నవంబరులో శాసనసభ ఆ పాత నిషేధమును ఎత్తివేసినది. ఎత్తివేయుట మంచిదే. ఎవరికి ఎందరు బిడ్డలున్నారో చూచి పౌరహక్కును ఇచ్చుటయు తీయుటయు ఏనాడును న్యాయము కాదు. కాని ఎత్తివేయుటకు చెప్పిన కారణము మాత్రము సరియైనది కాదు. నిషేధమును పెట్టిననాడు స్త్రీ గర్భము ప్రభుత్వ విషయమని తలచిరి. తీసిననాడును అదే తలచిరి.

పోనిండు, ఆ మందు రోగమును కుదుర్చునా? కూడికలు తీసివేతలు వచ్చిన వారెవరైనను లెక్కచూడవచ్చును. 2025లో పుట్టిన శిశువు ఇరువదియేండ్లవాడగుసరికి 2045 వచ్చును. 2045లో అరువది నిండువారు 2025లోనే నలువదియేండ్లవారు. వారి సంఖ్య ఏ కాన్పుచేతను తగ్గదు. ఆ నడుమ ఇరువదియేండ్లును ఆ శిశువు సంపాదించువాడు కాడు, తినువాడు. అనగా ముసలివారిని పోషించుచున్న ఆ చేతులమీదనే పసివారి భారము కూడ పడును. అంతేకాదు, మూడవ బిడ్డను కన్న తల్లి ఉద్యోగమును మానుకొనవలసి వచ్చును. ఉన్న చేతులలో రెండు చేతులు తగ్గును. పనిచేయు చేతులు చాలవనువారు, చదువుకొని పని దొరకక తిరుగుచున్న యువకులను, వంటయింటిలో కట్టివేయబడిన పట్టభద్రురాండ్రను ముందు చూడవలెను. చేతులు లేక కాదు, ఉన్న చేతులకు పనిచూపలేకయే మనము పేదలమైయున్నాము. డబ్బిచ్చి కాన్పులు పెంచవచ్చుననువారు దక్షిణ కొరియా దెస చూడవలెను. ఆ దేశము ఎన్నో యేండ్లుగా ధనము వెదచల్లినను 2023లో అచటి స్త్రీకి సగటున 0.72 కాన్పులే.

దీనికి పాలకులు మరియొక యుక్తి చెప్పుదురు. అది వారి యుక్తులలో బలమైనది గావున దాటిపోరాదు. జనసంఖ్యను బట్టి లోకసభ స్థానములు పంచినచో, జననములను అదుపుచేసిన దక్షిణాది రాష్ట్రములు నష్టపోవుననియు, బీహారు, ఉత్తరప్రదేశములు లాభపడుననియు వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. 1976లో నలువదిరెండవ రాజ్యాంగ సవరణ స్థానములను 1971 లెక్కలకు కట్టివేసినది. 2001లో ఎనుబదినాల్గవ సవరణ ఆ కట్టును 2026 తరువాతి మొదటి జనాభా లెక్కల వరకు పొడిగించినది. చెప్పినమాట విన్న రాష్ట్రమును శిక్షించుట అన్యాయమే. కాని ఆ అన్యాయమును పార్లమెంటులో వాదించి గెలువవలెను. ఢిల్లీలో చేయవలసిన వాదమును పురిటిగదిలో చేయుమని స్త్రీని పంపుట పౌరుషము కాదు.

ఇక రెండవ మందు. సమష్టికుటుంబము పోయినందుననే ముసలివారు దిక్కులేనివారైరని పెద్దలందురు. మంచిది. ఆ కుటుంబము ముసలివారిని ఎట్లు చూచెడిదో, నేటికిని పల్లెలలో మిగిలియున్న దాని యానవాలులను బట్టి చూతము. తండ్రి బ్రతికియుండగనే పొలమును కొడుకులకు పంచును. కోడళ్లకు మనసు రాని కంచుపాత్రలవరకు పంపకమగును. తుదకు పంచవలసినది తల్లిదండ్రులే. నెలకొక కొడుకింట వంతులు వేయుదురు. కొన్ని యూళ్లలో తండ్రి పెద్దవానికి, తల్లి చిన్నవానికి అని తేల్చుదురు. నలువదియేండ్లు కాపురము చేసిన దంపతులను, ఆస్తితోపాటు, గట్టు వేసి విడదీయుదురు. నెల ముప్పదియొకటి రోజులైనచో ఆ ముప్పదియొకటవ నాటి కూడు ఎవరిదని తగవులాడిన కొడుకులను ఎరుగనివారు మనలో ఎవరు? దీనికి కలికాలమని పేరుపెట్టి తప్పించుకొనరాదు. ఇది సమష్టికుటుంబము చచ్చినందున వచ్చినది కాదు. ఆ కుటుంబమున ఆస్తిలేనివారికి ఎన్నడును మర్యాద లేనందున వచ్చినది.

కొడుకు తల్లిని చూచుకొనుచున్నాడని మనమందుము. ఆ వాక్యమున కర్త తప్పు. చూచుకొనునది కోడలు. స్నానము చేయించుట, పక్కబట్టలు మార్చుట, రాత్రి మూడుమార్లు లేచుట, ఇవన్నియు ఆమెవి. కూలియు లేదు, సెలవు లేదు, మెప్పు లేదు. ఆ చాకిరి చేయుచు ఆమె నడుము వంగును. ఆమెకు అరువది వచ్చునప్పటికి ఆమె కోడలు ఏ బెంగుళూరులోనో, ఏ డాలసులోనో ఉద్యోగము చేయుచుండును. ఆ పిల్లను తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. ఆమె చదువుకై మనము గర్వించితిమి. ఆమె జీతమును లెక్కించియే సంబంధము కుదుర్చుకొంటిమి. గుంటూరు, కృష్ణా, గోదావరి మండలములలో అమెరికా డబ్బుతో కట్టిన మూడంతస్తుల మేడలో ఇద్దరు ముసలివారు, కొన్నాళ్లకు ఒక్క ముసలిది, సెల్‌ఫోను మ్రోగునేమో యని ఎదురుచూచుట మనము ఎరిగినదే. కరీంనగరు, నిజామాబాదు పల్లెలలో గల్ఫునకు పోయిన కొడుకుల యిండ్లలో మేడ లేదు; ఎదురుచూపు మాత్రము ఒక్కటియే.

తల్లిదండ్రుల పోషణకై 2007లో పార్లమెంటు చట్టము చేసినది. పోషింపని బిడ్డలనుండి నెలకు పదివేలకు మించని భరణమును ట్రిబ్యునలు ఇప్పింపవచ్చును. చూచుకొందుమను షరతుతో వ్రాయించుకొన్న ఆస్తిని, చూచుకొననిచో తిరిగి రప్పింపవచ్చును. చట్టము మంచిదే. కాని కొడుకుమీద ఫిర్యాదు చేయుటకు తల్లి మెట్లెక్కునా? ఎక్కినను, తిరిగి రప్పించుకొనుటకు ఆమె పేర ఆస్తి యేది? ఇచ్చినదే లేనివారికి తిరిగి పుచ్చుకొను హక్కు ఎందులకు?

అసలు ఈ ముసలివారు ఎవరో చూడుడు. ఆక్రందించువారి మనసులో మెదలు ముసలివాడు పింఛను పుచ్చుకొని, పత్రిక చదువుకొని, ఉదయము నడకకు పోవు విశ్రాంతోద్యోగి. అట్టివారు కొలదిమంది. 2011 జనాభా లెక్కలలో అరువది నిండిన స్త్రీలలో సుమారు సగముమంది భర్తలు పోయినవారు. అదే వయసు పురుషులలో భార్యలు పోయినవారు ఆరేడుగురిలో ఒక్కడే. ఆ స్త్రీలలో అక్షరజ్ఞానము కలవారు నూటికి 28. పురుషులలో నూటికి 59. భార్య భర్తకంటె చిన్నది. పైగా ఆమె ఆయువు ఎక్కువ. ఈ రెండును కలిసినచో, ఇంచుమించు ప్రతి కాపురమునకు తుదిని కొన్నియేండ్లు ఒంటరి స్త్రీ మిగులుట తప్పనిది. దీనికి జాతకము చూపనక్కరలేదు. ఇది గణితము. అట్లుండియు ఆ యేండ్లకై ఆమె పెండ్లినాడు గాని, ఇల్లు కట్టిననాడు గాని, పొలము కొన్ననాడు గాని ఎవరును ఏర్పాటు చేయరు. చేయుట అపశకునమందురు.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును జరపించెను. ఆనాడు వితంతువనగా పండ్రెండేండ్ల పిల్ల. పురుషులు తొందరగా చావకున్నందునను, బాల్యవివాహములు తగ్గినందునను, ఆ పిల్ల నేడు మన కన్నులకు అంతగా కనబడుట లేదు. కనబడనందున ఆ సమస్య తీరినదని మనము చేతులు దులుపుకొంటిమి. వితంతువు మాయము కాలేదు, ముదుసలియైనది. పెండ్లిపందిరిలో మనుమరాలి తలపై అక్షతలు వేయుటకు ఆమె వెనుకాడుచున్నది. ఆ మనుమరాలిని చేతులమీద పెంచినది ఆమెయే. శుభలేఖ యిచ్చుటకు వచ్చినవారు బొట్టు పెట్టి పిలుచువరుసలో ఆమెను దాటిపోవుచున్నారు. చదువుకొన్న యిండ్లలో ఇది లేదని చెప్పువారు తమ యింటి పెండ్లి ఛాయాచిత్రములను ఒకమారు తెరచి, అమ్మమ్మ ఎక్కడ నిలుచున్నదో వెదుకుకొందురుగాక.

పింఛనుల మాట యెత్తినంతనే కొందరికి కోపము వచ్చును. ఉచితములు పంచి ప్రజలను సోమరులను చేయుచున్నారందురు. ఈ మాట అనువారిలో పెక్కురు తాము పింఛనుదారులే! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకు 1983లో 55 ఏండ్లకే విశ్రాంతి వయసు దింపిరి. 2014లో 60 చేసిరి. 2022లో 62 చేసిరి. ఉద్యోగి ఎప్పుడు ముసలివాడగునో జీవో నిర్ణయించును. అయినపిమ్మట నెలనెలకు జీతములో భాగమంతటి పింఛను అతనికి హక్కు, పోయినపిమ్మట అతని భార్యకును హక్కు. అది న్యాయమే. పదేండ్లనాటి నుండి వరినాట్లు వేసి, మిరపకాయలు కోసి, కలుపు తీసి, నడుము వంగిన కూలిదాని విశ్రాంతి వయసు ఎంత? ఆమె పండించినది తిని మనము ఉద్యోగములు చేసితిమి. ఆమెకు ఇచ్చునది ఉచితమైనచో మనకు ఇచ్చునది ఏమి?

ఇచ్చునది ఎంతయో కూడ చూడుడు. కేంద్రప్రభుత్వము తన వృద్ధాప్యపింఛను పథకమున ఎనుబదియేండ్ల లోపు పేదలకు ఇచ్చు వాటా 2007లో నెలకు 200 రూపాయలు. 2025 నాటికిని అదే 200. ఈ నడుమ బియ్యము ధర ఎంత పెరిగినదో గృహిణులకు నేను చెప్పనేల? మన రాష్ట్రములు ఈ విషయమున మెరుగు. తెలంగాణము 2019లో 2,016 రూపాయలు చేసినది; ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 చేసినది. ఈ సొమ్ము చేతికి వచ్చిన నాటినుండి కొడుకింట ముసలిదాని మాటకు విలువ కలిగినదని పల్లె తిరిగినవారు ఎరుగుదురు. ఏ కాన్పు చేయలేనిదానిని, ఏ పురాణము చేయలేనిదానిని ఈ నోట్లు చేసినవి. కాని అది ఎన్నికలనాడు ప్రకటించు వరముగా నున్నంతకాలము ఆమె ప్రతి యైదేండ్లకు చేయి చాచవలసినదే. ధరలతోపాటు పెరుగునట్లు చట్టమున వ్రాసి, హక్కుగా ఇచ్చిననాడు ఆమె చేయి దించును.

మనము పేదలము, ధనికదేశములు చేయునది మనకు సాధ్యమా యని అడుగుదురు. జపానులో 1947 నాటి సగటు ఆయుర్దాయము పురుషునకు 50, స్త్రీకి 54. నేడు స్త్రీ ఆయుర్దాయము 87కు సమీపమున నున్నది. జనములో నూటికి 29మంది అరువదియైదేండ్లు నిండినవారు. ఆ దేశము 2000లో వృద్ధుల పరిచర్యకై ఒక బీమా పథకము స్థాపించినది. నలువదేండ్లు నిండిన ప్రతివారు కొంత చందా కట్టుదురు. అవసరము వచ్చిననాడు శిక్షణ పొందిన పరిచారకులు ఇంటికి వత్తురు. దానికి ఒక కారణము, కోడళ్లే చాకిరి చేయవలెనను పాత పద్ధతి ఇక సాగదని ఆ దేశము గ్రహించుట. ఫ్రాన్సులో అరువదియైదేండ్లు నిండినవారు నూటికి ఏడుగురు పదునలుగురగుటకు 115 ఏండ్లు పట్టినది. జపానులో 24 ఏండ్లే పట్టినది. మనకును ఫ్రాన్సు వలె నూరేండ్ల వ్యవధి లేదు. ధనము చేరినపిమ్మట చూతమనుట, వాన వెలసినపిమ్మట ఇల్లు కప్పుదమనుటవంటిది.

చేయవలసినది ఏమి? ప్రభుత్వము చేయవలసినదానిని పైని చెప్పితిని: పింఛనును హక్కు చేయుట, కూలిదానికి దానిని పూర్తిగా ఇచ్చుట. ఇంటింటికి పోయి వృద్ధులను చూచు పరిచారికలను ప్రతి మండలమున నియమించి వారికి తగిన జీతము లిచ్చుట కూడ దానిలోనిదే. 2024 అక్టోబరులో డెబ్బదియేండ్లు నిండినవారందరికి కేంద్రప్రభుత్వము అయిదులక్షల వరకు ఆస్పత్రి బీమా ఇచ్చినది. ఆస్పత్రికి పోవుటకు చేయి పట్టుకొను మనిషి కూడ కావలెను గదా.

కాని ఈ పత్రికను చదువు గృహస్థులు ప్రభుత్వముకొరకు వేచియుండనక్కరలేని పనులు కొన్ని గలవు. ఆస్తి విషయమున చట్టము ఎన్నడో మనకంటె ముందు నడచినది. 1937లో వితంతువునకు భర్త యాస్తిలో పరిమితహక్కు వచ్చినది. 1956లో అది సంపూర్ణహక్కైనది. బిడ్డలతో సమానముగా ఆమెకు వాటా కలిగినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేశమున అన్ని రాష్ట్రములకంటె ముందుగా కుమార్తెకు ఉమ్మడియాస్తిలో పుట్టుకతో హక్కు నిచ్చినది. దేశమంతటికి అది 2005లో వచ్చినది. చట్టము ఇచ్చినదానిని ఇంటివారు మరల లాగుకొనుచున్నారు. భర్త పోయిన పదియవనాడు ఆమెచేత హక్కు విడుదల దస్తావేజుమీద వ్రేలిముద్ర వేయించుచున్నారు. "నీకెందుకమ్మా, మేము లేమా" యని కొడుకులందురు. చదువుకొన్న కుమార్తెలును, పుట్టింటి రాకపోకలు చెడునని, సంతకము పెట్టుదురు. ఆ దస్తావేజు వ్రాయు లేఖరి, సాక్షిసంతకము చేయు పొరుగువాడు, అందరును మర్యాదస్థులే.

అందుచేత సోదరులారా, మీరు వృద్ధులను గౌరవింతుమని సభలలో చెప్పుటకు ముందు బీరువా తాళము తీసి మీ యింటి దస్తావేజు బయటికి తీయుడు. అందులో మీ భార్య పేరు ఉన్నదా? లేనిచో చేర్పించుడు. పొలము పంచదలచినచో మీరిద్దరును బ్రతికియున్నంతవరకు కొంత మీ ఇద్దరి పేరనే యుంచుకొనుడు. బ్యాంకులో ఆమె పేర ఖాతా యుండుట చాలదు. ఆ ఖాతాను ఆమె స్వయముగా నడపుట నేర్పుడు. వీలునామా వ్రాయుట అపశకునము కాదు. వ్రాయక పోవుటయే ఆమెకు అపశకునము. మీ తల్లి మీ యింట నున్నచో వారమున సగము దినములు ఆమె పరిచర్య మీరు చేయుడు. మీ భార్యకు ఆ దినములు సెలవు ఇండు. సోదరీమణులారా, ఎవరు బ్రతిమాలినను, ఏ దుఃఖములో నున్నను, చదువక సంతకము చేయకుడు. మీ యింటి పెండ్లిలో మొదటి అక్షతలు మీ యింటి వితంతువు చేత వేయింపుడు. ఇది ఖర్చులేని సంస్కారము. అందుచేతనే కాబోలు, కష్టమైన సంస్కారము.

వీరేశలింగము పంతులుగారి కాలమున వితంతువులు పిల్లలు గావున వారికి మరల పెండ్లి చేయుట ప్రథమ కర్తవ్యమైనది. అరువదియేండ్ల వితంతువు తోడు కోరి మరల పెండ్లాడదలచినచో నవ్వు హక్కు మనకు లేదు. కోరనిచో ఆమెను ఒంటరిగా, గౌరవముగా బ్రతుకనిచ్చుట మన విధి. ఆమె కోరునది దయ కాదు. తాను జీవితమంతయు చేసిన పనికి కూలి కోరుచున్నది. దానిని బాకీ యందురు. బాకీ తీర్చుటకు చేతకానివాడు ఇంకొక బిడ్డను కనుమని చెప్పినచో బాకీ తీరదు, అప్పు మరుసటి తరమున స్త్రీ పేర వ్రాయబడును.